ముఖం ఒకరిది, ఒళ్ళు ఒకరిది

(చెన్నైలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళ సమావేశంలో ఒక కరాటే టీచర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా క్లాసు పిల్లలూ, కూర్చోండమ్మా, కింద చాప ఉంది. మీ వంతు వచ్చేదాకా నిలబడి కాళ్ళు నొప్పి పెట్టుకోకండి.

నన్ను కరాటే గురించి మాట్లాడమన్నారు. నేను ఫైట్ సినిమాల గురించి మాట్లాడతానన్నాను. కుంగ్‌ఫూ సినిమాలు, కరాటే సినిమాలు, మన సినిమాల్లో ఫైట్లు. వాటిలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు అనే సంగతి. సరేనన్నారు, సంతోషం. నేను పుట్టి పెరిగింది ఆ ఫైట్ల మధ్యే.

మా నాయన ఫైటర్. ఫైట్ మాస్టర్ కాదండీ, ఫైటర్. తెర మీద పేరు పడేది మాస్టర్‌కి. నాయన పేరు ఏ సినిమాలోనూ పడలేదు. గూడూరు దగ్గర పల్లె మాది. ఊళ్ళో తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో, కర్రసాము నేర్చుకుని, 1968లో రైలెక్కి మద్రాసులో దిగాడు. వడపళనిలో ఒకే గదిలో ఆరుగురు. పొద్దున్నే వాహినీ స్టూడియో గేటు దగ్గరో, ఏవీఎం స్టూడియో గేటు దగ్గరో నిలబడాలి. మాస్టర్ కంట్లో పడితే ఆ రోజుకి పని. బేటా, అంటే రోజు భత్యం, చేతికొస్తే ఆ రోజుకి అన్నం. ఇక్కడున్న పెద్దవాళ్ళలో కొందరికి ఆ గేట్లు గుర్తుండే ఉంటాయి. అవునా? ఆ, ఇటు పక్కన చేతులెత్తుతున్నారు.

నాయన సన్నగా, పొట్టిగా ఉండేవాడు. అందుకని హీరోయిన్లకు డూప్‌గా పిలిచేవాళ్ళు. చేతుల మీద వెంట్రుకలు గొరిగి, చీర కట్టి, విగ్గు పెట్టి, గాజులు తొడిగి, మిద్దె మీద నుంచి దూకమనేవాళ్ళు. దూకేవాడు. ఇంటికొచ్చాక మా అమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళకు కాపడం పెట్టేది.

నాకు ఆరేడేళ్ళప్పుడు ఒక సినిమాకి వెళ్ళాం. తెర మీద హీరోయిన్ పరిగెత్తుకొచ్చి ప్రహరీగోడ మీద నుంచి దూకింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ‘అదుగో, మీ నాయన!’ అంది. ఎక్కడమ్మా, ఆమె హీరోయిన్ కదా అన్నాను. ‘మడమ చూడవే, మడమ. రోజూ నేను కాపడం పెట్టే మడమ నాకు తెలీదా? ముఖం ఆమెది, ఒళ్ళు మీ నాయనది’ అంది.

ముఖం ఒకరిది, ఒళ్ళు ఒకరిది. అప్పటినుంచీ నేను ఏ ఫైట్ సినిమా చూసినా ఆ మాటతోనే చూస్తాను. ఈ ముఖం ఎవరిది? ఈ ఒళ్ళు ఎవరిది? కొట్టేది ఎవరు, దెబ్బ తినేది ఎవరు? ఇవాళ మీ ముందు పెట్టాలనుకున్నది ఈ ప్రశ్నే. సినిమాల్లో అన్ని రకాల మనుషులకీ చోటు ఉండాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచిదే. కానీ ఫైట్ సినిమా విషయంలో ఆ మాట చాలదు. ఇందులో చోటు దొరికినవాళ్ళకి కూడా చాలాసార్లు దెబ్బలు తినడానికే దొరికింది.

బ్రూస్ లీ దగ్గర మొదలుపెడతాను. పిల్లలకు కూడా తెలిసిన పేరు. 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, హాంగ్‌కాంగ్‌లో పెరిగాడు. 1966లో అమెరికా టీవీలో ‘ది గ్రీన్ హార్నెట్’ అని ఒక సీరియల్ వచ్చింది. హీరో తెల్లవాడు, పత్రికాధిపతి. ఆయన కారు డ్రైవర్ పేరు కేటో. ఆ కేటో మన బ్రూస్ లీ. హీరో కంటే బాగా కొట్టేది కేటోనే. చూసేవాళ్ళు కళ్ళప్పగించి చూసింది ఆ కాళ్ళనే. కానీ ఫైట్ వచ్చిందంటే కేటో ముఖానికి నల్ల మాస్క్ పడేది. చూశారా? ఒళ్ళు కావాలి, ముఖం అక్కర్లేదు. హాంగ్‌కాంగ్‌లో మాత్రం జనం ఆ సీరియల్ని ‘కేటో షో’ అనే పిలుచుకున్నారు. హీరో ఎవరో వాళ్ళే తేల్చుకున్నారు.

తర్వాత 1972లో అమెరికా టీవీలోనే ‘కుంగ్‌ఫూ’ అనే సీరియల్ మొదలైంది. షావోలిన్ ఆశ్రమంలో పెరిగిన ఒక చైనా సంతతి సన్యాసి కథ. బ్రూస్ లీ పేరు కూడా పరిశీలనకి వచ్చింది, వేషం మాత్రం దక్కలేదు. వేసింది డేవిడ్ కారడీన్ అనే తెల్లజాతి నటుడు. అప్పటికి ఆయనకు కుంగ్‌ఫూ రాదు. ఒక్కసారి ఆలోచించండి. భరతనాట్యం మీద సీరియల్ తీస్తూ, నాట్యం వచ్చిన మన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, రానివాళ్ళకు గజ్జెలు కట్టినట్టు.

ఆ వేషం పోవడం ఒక రకంగా ప్రపంచానికి మేలే చేసింది. అప్పటికే బ్రూస్ లీ హాంగ్‌కాంగ్ వెళ్ళిపోయి 1971లో ‘ది బిగ్ బాస్’, 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ చేశాడు. రెండోదాంట్లో ఒక ఘట్టం ఉంది. షాంఘైలో ఒక పార్కు ముందు ‘కుక్కలకూ చైనావాళ్ళకూ ప్రవేశం లేదు’ అని బోర్డు ఉంటుంది. ఆయన ఎగిరి తన్ని ఆ బోర్డు పగలగొడతాడు. మన దేశంలో, మన తాతల కాలంలో ఇలాంటి బోర్డుల గురించి ఎన్ని కథలు వినలేదు మనం? బ్రూస్ లీ మనవాడు ఎలా అయ్యాడో ఆ ఒక్క తన్నులో ఉంది. ఆరడుగుల మనిషి కాదు. తుపాకీ లేదు. చొక్కా విప్పితే బక్కపల్చటి ఒళ్ళు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆ ఒళ్ళు చూసి నెల్లూరులో రిక్షా తొక్కేవాడు కూడా, వీడు నాలాగే ఉన్నాడే అనుకున్నాడు.

అమెరికాలోనూ అదే జరిగింది. అక్కడి నల్లజాతివాళ్ళ పేటల్లోని థియేటర్లలో ఈ సినిమాలు విరగబడి ఆడాయి. హాలీవుడ్ తమకు చూపించని గౌరవం వాళ్ళకు హాంగ్‌కాంగ్ సినిమాలో దొరికింది. తెల్లవాడు కాని మనిషి తలెత్తుకుని నిలబడి కొట్టడం దొరికింది. 1973లో ‘ఎంటర్ ది డ్రాగన్’ వచ్చేసరికి అందులో జిమ్ కెల్లీ అనే నల్లజాతి కరాటే ఛాంపియన్‌కి పెద్ద వేషమే ఇచ్చారు. అసలైన కరాటే ఒంట్లో ఉన్న మనిషి. తెర మీద ఆయన నడిచి వస్తుంటేనే ఒక తేజస్సు ఉండేది. కానీ ఏమైంది? ముగ్గురు వీరులు ఆ దీవికి వెళతారు. ఒకరు చైనావాడు, ఒకరు తెల్లవాడు, ఒకరు నల్లవాడు. కథ సగంలో చచ్చిపోయేది ఎవరు? నేను చెప్పక్కర్లేదు. చోటు ఇచ్చారు, చివరిదాకా ఉండనివ్వలేదు. ఇక బ్రూస్ లీ ఆ సినిమా విడుదల కాకముందే 1973 జులై 20న పోయాడు. 32 ఏళ్ళు.

ఇవన్నీ పాతకాలం సంగతులని అనుకోకండి. 2023లో హాలీవుడ్ సినిమా ‘జాన్ విక్’ నాలుగో భాగంలో హాంగ్‌కాంగ్ ఫైట్ల హీరో డానీ యెన్ గారు ఒక వేషం వేశారు. ఆ పాత్రకి మొదట షాంగ్ అనో చాంగ్ అనో పేరు పెట్టారట. చైనా వేషం అనగానే ఎప్పుడూ ఇవే పేర్లు, మెడ దాకా కాలరున్న ఇవే బట్టలు ఎందుకని ఆయన అడిగి, పేరూ బట్టలూ రెండూ మార్పించుకున్నానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అంత పేరున్న మనిషి కూడా 2023లో అడిగి మార్పించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి.

కుంగ్‌ఫూ సినిమా అంటే మగవాళ్ళ సినిమా అని మనకు ఒక అభిప్రాయం ఉంది. అది తప్పు. 1966లోనే, అంటే బ్రూస్ లీ కేటో వేషం వేసిన ఏడాదే, హాంగ్‌కాంగ్‌లో కింగ్ హు అనే దర్శకుడు చెంగ్ పేపే అనే అమ్మాయిని కత్తి పట్టిన ముఖ్యపాత్రగా పెట్టి సినిమా తీశాడు. ఆమె నాట్యం నేర్చుకున్న పిల్ల. ఆ నాట్యమే కత్తిసాముకి పనికొచ్చింది. సినిమా నిలబడింది. 34 ఏళ్ళ తర్వాత, 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో దుష్టపాత్రకి మళ్ళీ ఆవిడే. అదే సినిమాలో మిషెల్ యో. మిషెల్ యో గారిది మలేషియా, ఇపో పట్టణం. ఆవిడా బ్యాలే నేర్చుకున్న మనిషే. 1985 నుంచి ఫైట్లు చేస్తున్న ఆవిడకు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది 2023లో, 60 ఏళ్ళ వయసులో. ఆసియా నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి నటి ఆవిడే. 60 ఏళ్ళ ఆడమనిషి, లాండ్రీ నడుపుకునే అమ్మ వేషంలో ఫైట్లు చేసి గెలిచింది. మా అమ్మ ఉంటే ఆ సినిమాకి తీసుకెళ్ళేదాన్ని.

మరి మన దగ్గర? 1935లో బొంబాయిలో ‘హంటర్‌వాలీ’ వచ్చింది. కొరడా పట్టుకుని గుర్రమెక్కి దుర్మార్గులను చితక్కొట్టే నాయిక. ఫియర్‌లెస్ నాడియా అంటారు, అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టింది. స్టంట్లు తనే చేసేది. అంటే మన దేశపు మొదటి ఫైట్ల రాణికి ఒళ్ళు తనదే, ముఖం కూడా తనదే. అది గొప్ప సంగతి. కానీ ఆ ధైర్యం చూపించడానికి పరాయి దేశపు తెల్ల అమ్మాయి కావాల్సి వచ్చింది. మన ఇళ్ళ ఆడపిల్ల గోడ దూకితే ఊరుకునే రోజులు కావవి.

ఆ తర్వాత చాలాకాలం మా నాయన లాంటివాళ్ళే చీరలు కట్టారు. దీనికి అమెరికాలో విగ్గింగ్ అని పేరే ఉంది. నల్లజాతి నటులకి డూప్‌గా తెల్లవాళ్ళకి రంగు పూసి పంపడానికి పెయింట్ డౌన్ అని ఇంకో పేరు ఉంది. పని చేయగలిగిన ఆడవాళ్ళు లేక ఇలా చేశారనుకుంటే పొరపాటు. 1975లో ‘షోలే’లో బసంతి టాంగా తోలే ఘట్టం ఉందే, అందులో హేమమాలిని గారికి డూప్‌గా చేసింది రేష్మా పఠాన్ అనే ఆవిడ. ఆడమనిషి. ఎముకలు విరిగే పనిని మగవాళ్ళతో సమానంగా చేసింది. దేశమంతా ఆ టాంగాని చూసింది. ఆమెను ఎవరు చూశారు?

నాయన ఈ మాట నాతో ఒకసారి అన్నాడు. ‘చీర కట్టుకుని దూకిన ప్రతిసారీ నా కడుపు నిండింది. కానీ ఎవరో ఒక ఆడపిల్ల కడుపు మాడి ఉంటుంది’ అన్నాడు. ఆ మాట అన్న తర్వాతే, 1986లో, నన్ను కరాటేలో చేర్చాడు. నాకు 13 ఏళ్ళు. ముప్పైమంది మగపిల్లల్లో నేనొక్కదాన్నే ఆడపిల్లని. అక్కడి మాస్టర్ నన్ను కటా చేయనిచ్చేవారు, కుమిటేలోకి దిగనిచ్చేవారు కాదు. కటా అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను, గాలిలో ఒంటరిగా చేసే వరస. కుమిటే అంటే ఎదురు మనిషితో తలపడడం. ముఖానికి దెబ్బ తగిలితే రేపు పెళ్ళికి కష్టం అనేవారు. మళ్ళీ ముఖమే! నాయన వెళ్ళి ఆయనతో గట్టిగా మాట్లాడి, చివరికి వేరే క్లాసులో చేర్చాడు.

1990లో ‘కర్తవ్యం’ వచ్చింది. విజయశాంతి గారు. ఈ ఊళ్ళోనే పుట్టిన మనిషి. నాకు అప్పుడు 17 ఏళ్ళు. ఆ సినిమా నాకేం చేసిందో చెప్పడం కష్టం. నేను అలవాటు కొద్దీ మడమల వైపు చూశాను, మోచేతుల వైపు చూశాను. ఖాకీ ప్యాంటు, బెల్టు, బూట్లు. చీర లేదు, విగ్గు అవసరమే లేదు. చాలా ఫైట్లు ఆవిడే చేస్తారని నాయనా, ఆయన స్నేహితులూ చెప్పుకునేవాళ్ళు. ఫైటర్లు ఒక హీరోయిన్ గురించి అలా గౌరవంగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. ఆ వేషానికి ఆవిడకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఫైట్లున్న సినిమాకి, గుర్తుపెట్టుకోండి. ఆ మరుసటి వారం మా క్లాసులో నలుగురు అమ్మాయిలు చేరారు.

ఆ దారి అలాగే సాగిందా? సాగలేదు. బాధగా ఉంది ఈ మాట చెప్పడానికి, కానీ చెప్పాలి. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. నేను మూడుసార్లు చూశాను, ఇష్టంగా చూశాను. అందులో అవంతిక కత్తి పట్టిన పిల్ల. ఒక పెద్ద లక్ష్యం కోసం పోరాడే దళంలో సైనికురాలు. హీరో శివుడు ఆమెతో తలపడుతూనే ఆమె జుట్టు విప్పుతాడు, కవచం తీస్తాడు, బట్టలు మారుస్తాడు, పెదాలకు రంగు అద్దుతాడు. దాన్ని పాటలాగా, ప్రేమలాగా చూపించారు. ఆ తర్వాత ఆమె చేయాల్సిన పని అతను చేస్తానని వెళతాడు. మా క్లాసులో తొమ్మిదేళ్ళ పాప సోమవారం వచ్చి నన్ను అడిగింది, ‘టీచర్, ఆ అక్కకి ఫైట్ వచ్చు కదా, మరి ఆయన్ని ఎందుకు కొట్టలేదు?’ అని. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

ఆ సినిమాలోనే ఇంకో సంగతి. కాలకేయులు. యుద్ధానికి వచ్చే గుంపు. వాళ్ళ ఒళ్ళంతా కారునలుపు రంగు, పళ్ళు అసహ్యంగా, మాట అర్థం కాదు. ఆ కిలికి భాషని కల్పించింది మన చెన్నై కవి మదన్ కార్కి గారు, ఆ పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆ నాయకుడి వేషం వేసిన ప్రభాకర్ గారు ఎంత బాగా చేశారంటే ఆ పాత్ర పేరే ఆయన ముందు నిలబడిపోయింది. నటుడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు ఆ రంగు మీద. ఈ హాల్లో కూర్చున్న మనలో ఎంతమంది తెల్లగా ఉన్నాం చెప్పండి? నల్లగా ఉన్న మనమే, నల్లరంగు పూసిన మనుషులు వరసగా నరికివేయబడుతుంటే ఈలలు వేశాం. మన పాత సినిమాల్లో విలన్ పక్కన నిలబడే బాడీగార్డులనీ గుర్తు చేసుకోండి. గుండు, నల్ల ఒళ్ళు, మాట ఉండదు, పేరు ఉండదు. రెండు దెబ్బలు కొట్టి పది దెబ్బలు తిని పడిపోతారు. నాయన రంగు నలుపు. చీర కట్టని రోజుల్లో ఆయన వేషం అదే.

ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ సంగతికి వస్తాను. మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. మణిపూర్ నుంచి వచ్చి ఇక్కడ బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. ఆమె సరేనంటేనే ఇది చెబుతున్నాను. ఆమె కరాటే నేర్చుకోవడానికి ఎందుకు వచ్చిందో తెలుసా? రాత్రి డ్యూటీ దిగి బస్‌స్టాప్ దాకా నడుస్తుంటే, కుర్రాళ్ళు ఎదురొచ్చి చేతులు అడ్డంగా తిప్పి ‘హూ, హా’ అని అరుస్తారట. ఒక కిక్ చూపించు అంటారట. ఆమె పుట్టింది మన దేశంలో. ఆమెకు అప్పటికి కరాటేలో ఓనమాలు తెలియవు. కుంగ్‌ఫూ సినిమాల్లో చూసిన ముఖాన్ని ఈ కుర్రాళ్ళు ఆమె ముఖం మీద అతికించారు. ఆమె నాతో, ‘అడుగుతూనే ఉన్నారు కదా మేడమ్, నేర్చుకుంటే చూపించొచ్చు’ అంది. ఇప్పుడు బ్రౌన్ బెల్ట్.

ఏడాది తర్వాత మాటల్లో చెప్పింది, వాళ్ళ ఊళ్ళో థాంగ్-టా ఉందని. థాంగ్ అంటే కత్తి, టా అంటే ఈటె. మణిపూర్ వాళ్ళ సొంత యుద్ధవిద్య. మీలో ఎంతమంది విన్నారు? ఎవరూ లేరా? నేనూ ఆమె చెప్పేదాకా చూడలేదు, కరాటే నేర్పుతూ ఇన్నేళ్ళు గడిపాను. మనకు తెలియకపోవడానికి సినిమాలదీ కొంత బాధ్యత ఉంది. మన సినిమాల్లో ఆ ముఖాలకు దొరికిన వేషాలు ఎన్ని? సిక్కిం నుంచి వచ్చిన డానీ డెంజోంగ్పా గారు అంత గొప్ప నటుడు, ఎక్కువగా విలన్ వేషాలే ఇచ్చారు. మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్ గారి కథని 2014లో సినిమా తీస్తే, ఆ వేషం ప్రియాంకా చోప్రా గారికి ఇచ్చారు. ఆవిడ కష్టపడి ఒళ్ళు తయారుచేసుకున్నారు, కాదనను. కానీ అదే సినిమాలో లిన్ లైష్రామ్ అనే మణిపూర్ నటి పక్కవేషంలో ఉంది. మణిపూర్ ముఖం ఉన్న నటి పక్కన నిలబడితే, మణిపూర్ వీరురాలి వేషం వేరేవాళ్ళది. 1972లో డేవిడ్ కారడీన్ దగ్గర మనం చెప్పుకున్నది ఇదే కదండీ?

ఇంకొకటి చెబుతాను, కొంతమందికి నచ్చకపోవచ్చు. బోధిధర్ముడనే పాతకాలపు బౌద్ధ భిక్షువు సంగతి. ఆయనది కాంచీపురం అంటారు, అది ఇక్కడికి దగ్గరే కాబట్టి ఈ ఊళ్ళో ఈ మాట తరచూ వింటాం. కుంగ్‌ఫూ మనదే, మన బోధిధర్ముడే చైనావాళ్ళకు నేర్పాడు అని. 2011లో ‘ఏళాం అరివు’, తెలుగులో ‘సెవెన్త్ సెన్స్’, ఈ కథ మీదే వచ్చింది. బోధిధర్ముడు దక్షిణ భారతదేశం నుంచి వెళ్ళాడని చెప్పే పాత చైనా రచన ఉంది. పడమటి దేశాల నుంచి వచ్చాడని చెప్పేది అంతకంటే పాతది ఇంకొకటి ఉంది. ఆయన షావోలిన్‌లో యుద్ధవిద్య నేర్పాడనే కథ మాత్రం వెయ్యేళ్ళు దాటాక, 17వ శతాబ్దపు పుస్తకంతో పుట్టింది. గౌరవంగా తలుచుకుందాం, తప్పులేదు. కానీ ఆ సినిమాలో ఏం చేశారు? మనవాడు మహర్షి. ఇప్పటి చైనావాడు మన దేశం మీదకి రోగం వదిలే రాక్షసుడు. ఆ వేషం వేసిన జానీ ట్రీ న్యూయెన్ గారు వియత్నాం మూలాలున్న అమెరికన్. చైనావాడైనా, వియత్నాంవాడైనా మన తెరకి ఒకటే ముఖం. ఇందాక నేను మెచ్చుకున్న ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లోనూ జపాన్‌వాళ్ళని మనుషుల్లా చూపించలేదు. అదీ చెప్పాలి, లేకపోతే నాది పక్షపాతం అవుతుంది. ఆ కుర్రాళ్ళు బస్‌స్టాప్ దగ్గర చేతులు తిప్పింది ఇలాంటివి చూసే.

మంచి జరగలేదా? జరిగింది. మన ఊళ్ళోనే జరిగింది. సుధ కొంగర గారు, మన తెలుగావిడ, చెన్నైలో ఉంటారు. 2016లో ‘ఇరుది సుట్రు’ తీశారు. మరుసటి ఏడాది తెలుగులో వెంకటేశ్ గారితో ‘గురు’. రెండింట్లోనూ బాక్సర్ పిల్లగా నటించిన రితికా సింగ్ నిజంగా కిక్‌బాక్సింగ్ రింగులో దిగిన అమ్మాయి. నటికి ఫైట్ నేర్పలేదు, ఫైట్ వచ్చిన పిల్లకి నటన నేర్పారు. ఆమె గుద్దు వేసేటప్పుడు భుజం ఎలా కదులుతుందో చూడండి. పిల్లలూ, మీరు తప్పకుండా చూడండి. నడుము ముందు తిరుగుతుంది, చెయ్యి తర్వాత వస్తుంది. అది ఎడిటింగ్‌లో పుట్టదు. తమిళ కథలో ఆమె ఉత్తర చెన్నై జాలరి పేట పిల్ల. రితిక బొంబాయి అమ్మాయి. ఆ ఉత్తర చెన్నైలోని కాసిమేడు నుంచి నిజంగా బాక్సింగ్ చేసే పిల్ల ఒకతి ఆ వేషం వేసే రోజు కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. ఆ పేటల్లో బాక్సింగ్ తరతరాలుగా ఉంది. పిల్లలున్నారు. వెళ్ళి చూస్తే కనిపిస్తారు.

కేరళలో వడకర దగ్గర మీనాక్షి అమ్మ గారని ఉన్నారు. కలరిపయట్టు గురువు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. డెబ్బై దాటిన వయసులో చీర కచ్చ బిగించి కత్తి పట్టుకుంటారు. మా నాయన చీర గురించి చెప్పాను కదా. చీర కట్టుకుని ఎగరడం ఆడవాళ్ళకు కష్టం, అందుకే మగ డూపులు అనేవాళ్ళు. ఆవిడ వీడియో ఒక్కసారి చూడండి, చాలు. మన సిలంబం కూడా, 2024 జనవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ తమిళనాడులో జరిగినప్పుడు ప్రదర్శన క్రీడగా చేరింది. మన కర్రసాము దానికి అక్కో చెల్లెలో అవుతుంది. ఆడపిల్లలు బరిలోకి దిగుతున్నారు. సినిమావాళ్ళు వచ్చి చూడడమే తరువాయి.

చివరిగా నాయన దగ్గరికి వస్తాను.

1989లో ఒక షూటింగ్‌లో నాయన పై నుంచి దూకాడు. సినిమా పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. కింద అట్టపెట్టెలు, వాటి మీద బెడ్లు వేస్తారు. ఆ రోజు తొందరలో బెడ్డు అడుగున్నర పక్కకి పడింది. ఆ రోజు కూడా చీరే. తుంటి విరిగింది. మొదటి రోజు ఆస్పత్రి ఖర్చు ఇచ్చారు, తర్వాత ఎవరూ రాలేదు. తోటి ఫైటర్లు తలా కొంత వేసుకుని మమ్మల్ని మూడు నెలలు పోషించారు. ఆ సినిమా బాగా ఆడింది. ఆ షాట్ అలాగే ఉంచారు. ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. హీరోయిన్ దూకుతుంది, కట్ చేస్తే నవ్వుతూ లేచి నిలబడుతుంది. అమ్మ ఆ సినిమా వస్తే టీవీ కట్టేసేది. నేను కట్టను. చూస్తాను. ఆ మడమ మళ్ళీ చూడడానికి నాకున్నది ఆ సినిమా ఒక్కటే. నాయన 2011లో పోయాడు.

1954లో మొదలైన జాతీయ సినిమా అవార్డుల్లో స్టంట్లకి మొదటిసారి అవార్డు ఇచ్చింది 2017లో. మలయాళ సినిమా ‘పులిమురుగన్’కి పీటర్ హెయిన్ గారికి వచ్చింది. ఆయన మన చెన్నై మాస్టర్, తల్లి వియత్నాం ఆవిడ. ఆ రోజు నేను నాయన ఫోటో ముందు దీపం పెట్టాను. ఆస్కార్ వాళ్ళు కూడా 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ ప్రకటనతో పాటు వేసిన బొమ్మల్లో మన ‘ఆర్ఆర్ఆర్’ కూడా ఉంది. చాలా సంతోషం. మాస్టర్లకి పేరు వస్తోంది. దూకినవాళ్ళ పేర్లు, దెబ్బ అందుకున్నవాళ్ళ పేర్లు కూడా తెర మీద వేయమని అడుగుతున్నాను. ఎంతసేపు పడుతుందండీ? ఇరవైమంది ఫైటర్ల పేర్లు పది సెకన్లలో పడిపోతాయి. ఇక్కడ సినిమాలో పనిచేసేవాళ్ళు ముగ్గురు కనిపిస్తున్నారు నాకు. మీ తర్వాతి సినిమాకి ఈ మాట ఎడిటింగ్ గదిలో ఒక్కసారి అనండి. ఆడవాళ్ళ వేషానికి డూప్ కావాలంటే ఆడపిల్లని పిలవండి. ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి, పదకొండు మంది. బెల్టులున్నాయి, ఒళ్ళు తయారుగా ఉంది. ఆ పదకొండు మందిలో మణిపూర్ అమ్మాయి కూడా ఉంది.

ఇప్పుడు మా పిల్లలు చేస్తారు. ముందు చిన్నపిల్లలు కర్రసాము. మా నాయన నాకు నేర్పిన వరస అది, గూడూరు వరస. తర్వాత ఆ అమ్మాయి కటా చేస్తుంది. ఆమె పేరు ఆమే మైకులో చెబుతుంది. ముందు వరసలో ఉన్నవాళ్ళు కుర్చీలు రెండడుగులు వెనక్కి జరుపుకోండి. కర్ర పొడవు ఎక్కువ.